తౌడు గారికి గౌరవం

బంటుపురం ఏరియా ఆసుపత్రిలో గౌరవం ప్రవేశపెట్టి ఆ సోమవారానికి పదకొండు రోజులైంది. ఆ సంగతి కంది తౌడుకు తెలియదు. తెలిసి ఉంటే ఆటోను మరో ఊరికి పోనిమ్మనేవాడేమో.

తౌడు జూట్ మిల్లులో ముప్పయ్యారేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్లుంటాయి. మాట తక్కువ, సిగ్గు ఎక్కువ. ఆయన భార్య పారమ్మ తన మాటలతో పాటు ఆయన వాటా మాటలు కూడా తనే మాట్లాడుతూ నలభై ఐదేళ్లుగా కాపురం నడుపుకొస్తోంది. నిన్న సాయంత్రం నుంచి తౌడుకు ఒంటేలు రాలేదు. తెల్లారేసరికి పొత్తికడుపు మద్దెలలా బిగిసిపోయింది. అయినా ఆయన నోరు విప్పలేదు. గోడ పట్టుకుని పెరట్లోకి పదోసారి వెళ్లి, వెళ్లినట్టే తిరిగి వస్తుంటే పారమ్మే కనిపెట్టి నిలదీసింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆసుపత్రికి కూడా ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. ఈ మాట నలుగురికీ తెలియకూడదు.

పారమ్మకు ఆ ఆసుపత్రి కొత్త కాదు. అక్కడ ఎలా నెగ్గుకురావాలో ఆమెకు తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ గదమాయిస్తాడు, వినిపించుకోకూడదు. చీటీల కిటికీలో గుమస్తా తల ఎత్తడు, ఎత్తేదాకా కిటికీ వదలకూడదు. వార్డు ఆయా నూకాలు తప్పుకోమని చీపురు ఝళిపిస్తుంది, తప్పుకోకూడదు. అందుకని ఆమె కొంగు నడుముకు బిగించి, యుద్ధానికి దిగినట్టే ఆటో దిగింది.

వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, గోడకు అతికించిన కాగితం వైపు ఓరగా చూస్తూ, "దయచేయండి. తమ రాకతో ఈ ప్రాంగణం పావనమైనది," అని చదివాడు.

సర్కారు మనిషి చేతులు జోడించాడంటే లోపల ఎవరో పెద్ద మనిషి పోయి ఉంటాడని పారమ్మ అనుకుంది. పోయింది ఎవరని అడిగింది. వాచ్‌మన్ కాగితం మళ్లీ చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు అందులో లేదు. మరోసారి చేతులు జోడించాడు.

అసలు జరిగిందేమిటంటే, అంతకు రెండు నెలల కిందట రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. ఆయనెవరో తెలియని వార్డుబాయ్ ఒకడు "ఒరే ముసలోడా, పక్కకి జరుగు" అన్నాడు. అధికారికి యాభై రెండేళ్లు. 'ఒరే' కన్నా 'ముసలోడా' ఆయన్ని ఎక్కువ బాధించింది. వెనక్కి వెళ్లి పదకొండు పేజీల ఉత్తర్వు జారీ చేశాడు. రోగులను, వారి కుటుంబ సభ్యులను గౌరవ మర్యాదలతో చూడవలెనన్నది అందులో మొదటి వాక్యం. మిగతా పేజీలన్నీ, అలా చూసినట్టు రుజువులు ఎలా భద్రపరచాలో వివరించేవి.

ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ చక్రధరరావు మంచివాడు. ఫైలంటే భయం. ఆయన ఏడాదిగా నలుగురు నర్సులు కావాలని పైకి రాస్తున్నాడు. పైవాళ్లు ఆయన మొర ఆలకించి, గౌరవ అమలు అధికారిని పంపించారు. ఆ అధికారి పేరు త్రివిక్రమరావు. అంతకుముందు ఇరవై రెండేళ్లు ప్రోటోకాల్ విభాగంలో పనిచేసి, విమానాశ్రయాల్లో పెద్దపెద్ద వాళ్లను ఎదుర్కొని, శాలువాలు కప్పి, కార్లెక్కించి పంపిన అనుభవం ఆయనది. గౌరవమంటే ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. కాకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చేసే అలవాటు.

వాచ్‌మన్ వాళ్లకు గౌరవ నమోదు కేంద్రానికి దారి చూపించాడు. పాత చీటీల కిటికీయే అది. కిటికీకి మామిడాకు తోరణం కట్టారు. లోపల పాత గుమస్తాయే ఉన్నాడు. ఈసారి తల ఎత్తి, "తమ శుభనామధేయం?" అని అడిగాడు.

పారమ్మ చెప్పింది. గుమస్తా కంప్యూటరులో కొట్టాడు. కంప్యూటరు కూత పెట్టి ఎర్రగా మారింది. అందులో రోగులను ఉద్దేశించి వాడకూడని మాటలు వెయ్యిన్నీ నూటనలభై ఎక్కించారట. తొత్తుకూ త్రాష్టుడికీ మధ్యన తౌడు ఉంది.

గుమస్తా నొచ్చుకుని ధైర్యం చెప్పాడు. ఇది ఈయనొక్కరికే వచ్చిన ఇబ్బంది కాదు. మొన్న పెంటయ్య అనే ఆయన వస్తే శ్రీ పరిమళయ్య గారుగా చేర్చుకున్నారు. ఆయన మూడు రోజులు ఆ పేరు మీద జ్వరం పడి, పాత పేరు మీద ఇంటికి వెళ్లాడు. పేర్లు మార్చే అధికారం మాత్రం గుమస్తాకు లేదు కాబట్టి త్రివిక్రమరావుకు కబురు పెట్టాడు. ఆయన సఫారీ సూట్లో, అత్తరు వాసనతో స్వయంగా విచ్చేశాడు.

"వయోవృద్ధుడైన పౌరుని పశువుల మేత పేరుతో పిలుచుట ప్రభుత్వానికి శోభించదు," అన్నాడాయన.

"ఆయన పేరదే బాబూ. ఓటు కార్డులోనూ అదే, మిల్లు కార్డులోనూ అదే," అంది పారమ్మ.

"ఆయా సందర్భములలో జరిగిన అగౌరవమును ఇప్పుడు సరిదిద్దుచున్నామమ్మా," అని త్రివిక్రమరావు కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. తౌడు వడ్ల నుంచి వచ్చును. వడ్లు ధాన్యము. కావున నేటి నుంచి వీరు శ్రీ ధాన్యేశ్వరరావు గారు.

తౌడు కిటికీ ఊచ పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, తల ఊపాడు. ఆ క్షణంలో తిమింగలేశ్వరరావని పెట్టినా ఊపేవాడే.

తరవాతి గడి, వచ్చిన ఇబ్బంది ఏమిటని. తౌడు నేల చూశాడు. పారమ్మ కిటికీలోకి తల పెట్టి గుసగుసగా చెప్పింది. గుమస్తా ఆ మాట కొట్టగానే కంప్యూటరు మళ్లీ కూసింది. ఒంటేలు కూడా జాబితాలో ఉంది. గుమస్తా కొంచెం చదువుకున్నవాడు. కాసేపు బుర్ర గోక్కుని 'లఘుశంక తీరుట లేదు' అని కొట్టాడు. కంప్యూటరు సంతోషించి పచ్చగా మారి, చీటీ అచ్చువేసి ఇచ్చింది. చీటీ మీద ఆరో నంబరు గది అని ఉంది.

ఆరో నంబరు గదిలో డాక్టరు లేడు. నిగనిగలాడే బల్ల వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బల్ల మీద 'సందేహ నివృత్తి విభాగం' అని పలక. శంక అంటే సందేహమని కంప్యూటరుకు ఎవరో నేర్పారు. లఘుశంకలు ఆరో గదికి వస్తాయి, పెద్ద శంకలు నేరుగా సూపరింటెండెంటు గదికి వెళతాయి. ఆ అమ్మాయి చిరునవ్వుతో వాళ్లను కూర్చోమంది. తౌడు కూర్చోలేనని చెయ్యి ఊపాడు. ఏ సందేహమూ చిన్నది కాదని, మొహమాటపడకుండా అడగమని ఆమె ఎంతో ఓర్పుగా చెప్పింది.

తౌడు చాలాసేపు కూడదీసుకుని, ఆసుపత్రిలో తన మొదటి మాట మాట్లాడాడు.

"నాకే సందేహమూ నేదమ్మా."

ఆ అమ్మాయి ముఖం వికసించింది. సందేహం నివృత్తి అయినదని రాసి, ముద్ర కొట్టి, చీటీ తిరిగి చేతిలో పెట్టింది. లెక్క ప్రకారం తౌడు రోగం అక్కడితో కుదిరిపోయింది.

పారమ్మ కేకలేసేదే. కానీ తనకు ఎదురుగా అరిచేవాళ్లు లేకపోతే అరవడం ఎలాగో ఆమెకు తెలియలేదు. గదమాయించే వాచ్‌మన్ మీద విరుచుకుపడవచ్చు. నమస్కారం పెట్టేవాడి మీద ఎలా పడటం? ఆమె చీటీ పట్టుకుని మళ్లీ కిటికీకి వెళ్లి, కంప్యూటరుతో సంబంధం లేకుండా, డాక్టరమ్మ దగ్గరికి పంపమని బతిమాలింది. గుమస్తా జాలిపడి చేత్తో రాసిచ్చాడు. పిలుపు వచ్చేదాకా వరండాలో వేచి ఉండమన్నాడు.

పిలుపు వచ్చింది. ఒకసారి కాదు, ఐదుసార్లు. మైకులో తియ్యటి గొంతు ధాన్యేశ్వరరావు గారిని సాదరంగా ఆహ్వానిస్తుంటే, ఆ మహానుభావుడెవరో గానీ వెంటనే వెళ్లకుండా ఇంతమందిని ఆపుతున్నాడని పారమ్మ మనసులో తిట్టుకుంది. తౌడు కళ్లు మూసుకుని స్తంభానికి చెంప ఆనించి నిలబడ్డాడు. ఐదోసారి పిలిచేటప్పటికి పారమ్మకు చటుక్కున వెలిగింది. ఆ మహానుభావుడు తన మొగుడే.

అలా వాళ్లు గౌరవ మందిరంలోకి అడుగుపెట్టారు. రెండు వారాల కిందట అది మగవాళ్ల వార్డు. పన్నెండు మంచాలు తీసేసి, ఎర్ర తివాచీ పరిచి, పెళ్లి కుర్చీలు రెండు వేశారు. మంచాలు వరండాలోకి వెళ్లాయి. వాటి మీది రోగులకు ఇప్పటికే గౌరవం జరిగిపోయింది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మే నెల ఎండలో తౌడుకు ఉన్ని శాలువా కప్పారు. బంతిపూల దండ వేశారు. ఆయన కుర్చీ అంచున, కూర్చున్నట్టూ లేచినట్టూ కాకుండా ఆగాడు. అప్పుడు త్రివిక్రమరావు పొడుగాటి గాజు గ్లాసు నిండా చల్లటి మజ్జిగ తెచ్చి, రెండు చేతులతో అందించాడు. అది స్వాగత పానీయం.

తౌడు ఆ గ్లాసును చూసిన చూపు పారమ్మ జన్మలో మరిచిపోలేదు.

ఆయన తాగలేడని ఆమె చెప్పి చూసింది. స్వాగత పానీయం స్వీకరించనిదే గౌరవము సంపూర్ణము కాదని, గౌరవము సంపూర్ణము కానిదే వైద్యము ప్రారంభించుటకు వీలులేదని త్రివిక్రమరావు నొచ్చుకుంటూనే వివరించాడు. పెద్దపెద్ద వాళ్లకు పట్టి అలవాటైన చెయ్యి. ఎంతో సున్నితంగా గ్లాసు తౌడు పెదాలకు ఆనించాడు. సగం తాగేసరికి ఆయన తల తిప్పేసుకున్నాడు. అక్కడ లెక్క రాసే ఇంకో గుమస్తా 'అర్ధ గౌరవం' అని రాసుకున్నాడు. మిగతా సగం కూడా తాగక తప్పలేదు. ఆ తరవాత, అరవై అయిదు దాటినవారికి ప్రత్యేకమని కొబ్బరిబోండాం వచ్చింది. త్రివిక్రమరావు ఫొటోగ్రాఫర్‌కు చోటు చూపించడానికి అటు తిరగగానే పారమ్మ కొంగు చాటున దాన్ని తనే గటగటా తాగేసింది. మొగుడికి అంతకన్నా పెద్ద సేవ తనెప్పుడూ చెయ్యలేదని ఆమె తరవాత చెప్పుకునేది.

ఫొటోలో రోగి చిరునవ్వుతో ఉండాలి. మూడుసార్లు తీసినా తౌడు ముఖం ఒక్కలాగే వచ్చింది. నుదుటి మీద చెమట, బిగించిన పళ్లు. చివరికి త్రివిక్రమరావే అది గాంభీర్యమని తేల్చి, సంతకం పెట్టాడు.

అక్కణ్ణించి డాక్టరు గది. డాక్టర్ హిమబిందు చిన్నపిల్ల. కళ్ల కింద నల్లటి చారలు. గౌరవ మందిరం దగ్గర పనికి ఇద్దరు నర్సులు పోగా, వాళ్ల పని కూడా ఈమే చేస్తోంది. రోగి కూర్చోవాలి, డాక్టరు నిలబడాలి అన్నది నిబంధన. రోగికి సిగ్గు కలిగించే ప్రశ్నలు అడగకూడదన్నది ఇంకొకటి. తలుపు దగ్గర త్రివిక్రమరావు పుస్తకం తెరిచి నిలబడ్డాడు కాబట్టి ఆమె తౌడును మీ వైపు వానలెలా ఉన్నాయని అడిగింది. అడుగుతూనే శాలువా కొంచెం తొలగించి, పొత్తికడుపు చూసింది. ఆమెకు ప్రశ్నలు అక్కర్లేకపోయాయి.

ఆమె పారమ్మను పక్కకు తీసుకెళ్లి, ఇప్పటికిప్పుడు సన్నటి గొట్టం పెట్టి తీసెయ్యాలని, ఇంకా ఆలస్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయని చెప్పింది. పని పది నిమిషాలదే. పారమ్మ వెంటనే కానివ్వమంది.

త్రివిక్రమరావు కూడా తక్షణమే కానివ్వమన్నాడు. అయితే ఇటువంటి చికిత్సలలోనే రోగి గౌరవమునకు భంగము వాటిల్లు ప్రమాదము మెండుగా ఉన్నందున, గౌరవ పర్యవేక్షక సంఘము ప్రత్యక్షముగా వీక్షించవలసి ఉన్నదన్నాడు. సంఘంలో ఐదుగురు. సూపరింటెండెంటు, ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు, మహిళా మండలి అధ్యక్షురాలు, వార్డు కౌన్సిలరు, ఫొటోగ్రాఫరు. వాళ్లు గౌరవ మందిరంలో మజ్జిగ తాగుతూ సిద్ధంగానే ఉన్నారు. మంచం చుట్టూ అర్ధచంద్రాకారంలో ఐదు కుర్చీలు వేయించారు. మంచానికున్న తెర, కూర్చున్నవాళ్లకు అడ్డం వస్తుందని తీయించేశారు. ఫొటోగ్రాఫరు కాలిమీద కాలేసుకుని కెమెరా తుడుచుకున్నాడు.

తౌడు ఆ కుర్చీలను చూశాడు. మంచాన్ని చూశాడు. మెల్లగా లేచి, దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"పారీ, ఇంటికెల్దాం," అన్నాడు.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మిల్లులో యంత్రంలో పడి వేలు పోయిన రోజున కూడా పారమ్మ ఆ కళ్లలో నీళ్లు చూడలేదు. ఆయన బెట్టు చేయడం లేదని, నిజంగానే ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకుంటాడని, ఇక ఎవరు చెప్పినా లేవడని ఆమెకు తెలిసిపోయింది.

ఆ గుమ్మంలోనే నూకాలు చీపురుతో నిలబడి ఉంది. ఒకప్పుడు ఆ వరండా అంతా దద్దరిల్లేలా అరిచిన మనిషి. రోగులను మావా, అప్పా, అయ్యా అని వరసలు పెట్టి పిలిచినందుకు ఈ పదకొండు రోజుల్లో ఆమెకు మూడు మెమోలు వచ్చాయి. ఇప్పుడు 'నేను గౌరవిస్తాను' అన్న బిళ్ల రొమ్మున తగిలించుకుని నోరు మూసుకుని తిరుగుతోంది. ఆమె తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ పారమ్మ పక్కకు వచ్చింది.

"అప్పా, గంటనుంచీ సూస్తన్నాను. ఎనకాల కట్లు కట్టే గదుంది. తలుపుకి గడియుంది. ఈల్లని ఓ పావుగంట ఆపగలవేటి?"

పారమ్మ డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టింది.

పారమ్మ కొంగు సర్దుకుని త్రివిక్రమరావు ముందుకు వెళ్లింది. కుటుంబ సభ్యులకు కూడా గౌరవముంటుందా అని వినయంగా అడిగింది. ఆయన పొంగిపోయాడు. ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని పదకొండు రోజులుగా ఎదురుచూస్తున్నాడు.

"నిబంధన ఇరవై రెండు. కుటుంబ సభ్యులు తమ మనోభావములు వ్యక్తపరచునప్పుడు, అధికారులు, సంఘ సభ్యులు యావన్మందియు నిలబడి, మధ్యలో అడ్డు తగులక, గడియారము చూడక, స్థానము విడువక ఆలకించవలెను."

"అయితే నాకు మనోబావాలున్నాయి బాబూ. ఆయన ముందర సెప్పలేను. అందరూ వరండాలోకి రండి," అంది పారమ్మ.

ఆరుగురూ వరండాలోకి వచ్చి వరసగా నిలబడ్డారు. వాళ్ల వెనక, కట్లు కట్టే గది తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. గడియ పడటం పారమ్మ ఒక్కతే విన్నది.

ఏం చెప్పాలో ఆమె ముందుగా అనుకోలేదు. నోటికొచ్చింది మొదలుపెట్టింది. తన పెళ్లి దగ్గర్నుంచి ఎత్తుకుంది. పెళ్లినాడు కురిసిన వాన, మిల్లు కూత, ఆయన అన్నం క్యారేజీ పట్టుకుని తను రైలు గేటు దాటడం. కౌన్సిలరు ఉదయం నుంచి ప్రతి రోగితో పాటూ ఒక గ్లాసు మజ్జిగ పుచ్చుకున్నవాడు. ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారడం పారమ్మ గమనించింది. ఆ కదలిక ఆమెకు పొద్దుటి నుంచీ పరిచయమే. కౌన్సిలరు ఓసారి స్నానాల గది వైపు చూశాడు. త్రివిక్రమరావు నిబంధన గుర్తు చేస్తున్నట్టు దగ్గాడు. పారమ్మ ఇంకాస్త నిదానంగా చెప్పసాగింది.

మాటలు పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె త్రివిక్రమరావు వైపు తిరిగింది.

"ఆయనకి ముందర నలుగురు పుట్టి పురిట్లోనే పోనారు బాబూ. ఈయన పుట్టగానే మా అత్త సేటలో తౌడు పోసి, దానిమీద పడుకోబెట్టి, పక్కింటామెకి అమ్మీసినాది. మానెడు తౌడిచ్చి మల్లా కొనుక్కున్నాది. సావు ఇంటాది కదా. ఈడెవడో పనికిమాలినోడు, తౌడుకి కొన్నోడు, మనకెందుకని ఒగ్గీసి ఎల్లిపోద్దని. ఆ పేరే ఆయన్ని బతికించినాది. దాన్ని మీ మిసను బాగోనేదన్నాది."

హెడ్‌మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మహిళా మండలి అధ్యక్షురాలు పారమ్మ భుజం మీద చెయ్యి వెయ్యబోయి, అది నిబంధనల్లో ఉందో లేదో తెలియక ఆగిపోయింది. త్రివిక్రమరావు పుస్తకంలో ఏదో రాసుకుని, మళ్లీ కొట్టేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు మూసిన తలుపు వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. బొక్కెనలో సన్నటి ధార పడుతున్న చప్పుడు. అది ఆగలేదు. కౌన్సిలరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ ధ్వని ఏమిటని త్రివిక్రమరావు అడిగాడు. పారమ్మ తనకు తెలియదని, మీ కొళాయేమోనని అంది. సూపరింటెండెంటు చక్రధరరావుకు మాత్రం అదేమిటో తెలుసు. ముప్పయ్యేళ్ల డాక్టరు ఆయన. ఆయన తల వంచుకుని చిన్నగా, ఎవరూ చూడకుండా నవ్వుకున్నాడు.

కొంతసేపటికి లోపల్నించి నూకాలు గొంతు, పాత గొంతే, గట్టిగా వినిపించింది.

"అయిపోనాది మావా. ఇంక బయం నేదు. అలగే పడుకో."

పారమ్మ చెబుతున్న మాట మధ్యలోనే ఆపేసింది.

"అంతే బాబూ. నా మనోబావాలయిపోనాయి," అని అక్కడే నేలమీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కౌన్సిలరు ఆ మాట కోసమే ఉన్నట్టు వరండా చివరికి పరుగెత్తాడు.

మర్నాడు విచారణ మొదలైంది. దస్త్రాలు చూస్తే వ్యవహారం చాలా చిక్కుగా ఉంది. ధాన్యేశ్వరరావు గారికి సంపూర్ణ గౌరవం జరిగింది, ఫొటో కూడా ఉంది, వైద్యం మాత్రం జరగలేదు. తొందరలో డాక్టరమ్మ చేత్తో రాసిన కాగితం ప్రకారం, తౌడు అనే ఆయనకు వైద్యం జరిగింది, కానీ ఆయన్ని ఎవరూ గౌరవించినట్టు ఆధారం లేదు. నెలవారీ నివేదికలో ధాన్యేశ్వరరావు గారిని విజయంగానూ, తౌడును లోపంగానూ చూపించారు. గౌరవము పొందని వ్యక్తికి చికిత్స చేసినందుకు డాక్టర్ హిమబిందుకు మెమో వచ్చింది. నూకాలుకు నాలుగోది.

త్రివిక్రమరావు చెడ్డవాడు కాదు. తన ఇరవై రెండేళ్ల సర్వీసులో దండ తీసి కుర్చీ మీద పెట్టేసి వెళ్లిపోబోయిన మనిషిని ఆయన చూడలేదు. అది ఆయన్ని కలవరపెట్టింది. ఆ మధ్యాహ్నం అభిప్రాయ పత్రం పట్టుకుని, వరండాలో తౌడు పడుకున్న మంచం దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో తమకు గౌరవం ఎక్కడ జరిగిందనిపించిందో చెప్పమన్నాడు.

తౌడు పారమ్మ వైపు చూశాడు, ఎప్పటిలాగే ఆమె చెబుతుందేమోనని. కానీ గొట్టం పెట్టినప్పుడు ఆ కట్లు కట్టే గదిలో పారమ్మ లేదు కదా. ఆయనే చెప్పుకోవలసి వచ్చింది.

"డాకటరమ్మ, సెయ్యెయ్యనా తాతా అనడిగి ఏసింది బాబూ. నూకాలు దుప్పటి అడ్డం పట్టుకోని, అటు తిరిగి గోడకేసి సూసింది. అయినంతసేపూ అలగే ఉంది. అంతే."

త్రివిక్రమరావు ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకున్నాడు. రాసుకుంటుంటే ఆయన చెయ్యి ఒకసారి ఆగింది. తరవాత ఆ కాగితాన్ని, పద్ధతి ప్రకారం, పైకి పంపించాడు.

గొట్టంతోనే తౌడును మూడో రోజున ఇంటికి పంపించారు. మాత్రలిచ్చి, వచ్చే సోమవారం వస్తే గొట్టం తీసి చూద్దామన్నారు. సోమవారం పొద్దున్నే మొగుడూ పెళ్లాలు ఆటో దిగారు.

వాచ్‌మన్ లేచి నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి ఉన్నాడు. అయితే ముఖం గోడకేసి ఉంది. పారమ్మ పలకరిస్తే, గోడతోనే దయచేయండన్నాడు. వరండా పొడుగునా నర్సులు, వార్డుబాయ్‌లు గోడకేసి తిరిగి నిలబడి ఉన్నారు. మందులిచ్చేవాడు చెయ్యి వెనక్కి చాపి మాత్రలిస్తున్నాడు. ఎవరి చేతిలో ఏ మాత్ర పడుతోందో తెలియక రోగులు తమలో తాము పంచుకుంటున్నారు. గుమస్తా కంప్యూటరును కూడా గోడవైపు తిప్పేశాడు. పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. క్షేత్రస్థాయి అభిప్రాయ సేకరణలో గోడ వైపు చూచుటయే అత్యున్నత గౌరవమని రుజువైనందున, ఇకపై సిబ్బంది యావన్మందియు రోగి సమక్షంలో ఉన్నంతసేపు ఆ విధముగా చూడవలెను. గౌరవ మందిరం గుమ్మంలో త్రివిక్రమరావు తలుపుకు ముఖం ఆనించి నిలబడి, శాలువాను వీపు వెనక నుంచి అందిస్తున్నాడు.

తౌడు, పారమ్మ ఆ వీపుల మధ్య నుంచి నడిచారు. వరండా మధ్యలో ఒక్క మనిషి మాత్రం ఎదురుగా వస్తోంది. నూకాలు. బిళ్ల లేదు, చీపురుంది. తౌడు ముఖంలోకి చూసి, మిల్లు కూతంత గొంతుతో, నలుగురూ వినేలా అడిగింది.

"ఎలగున్నావు మావా? గొట్టం నొప్పెడతందేటి? ఇయ్యాల తీసేస్తారా?"

పారమ్మ గతుక్కుమంది. మొగుడు సిగ్గుతో చచ్చిపోతాడనుకుంది. తౌడు ఆగాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. వరండా ఈ కొస నుంచి ఆ కొస దాకా వీపులే.

"ఎవులూ సూడ్డం నేదు కదే," అన్నాడు కాస్త గట్టిగానే. "ఇక్కడే తీసెయ్యమను."

పారమ్మ నవ్వాపుకోలేక స్తంభం పట్టుకుంది. గోడవైపున్న వీపులు ఒకటొకటిగా కదలడం మొదలుపెట్టాయి. వాచ్‌మన్ వీపు, గుమస్తా వీపు, చివరికి సఫారీ సూట్లో ఉన్న వీపు కూడా. కానీ నిబంధన నిబంధనే కాబట్టి ఒక్కరూ ఇటు తిరగలేదు.